మూలపడిన మోటారు సైకిలు: కార్బ్యురేటరులో పెట్రోలు గార

(సంఘ కార్యదర్శులకు, పాల సేకరణ సిబ్బందికి జరిగిన శిక్షణ తరగతిలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



ఈ తరగతిలో మాకు ఇచ్చిన అంశం "సంఘాల చరాస్తుల నిర్వహణ". ఆ మాట వినగానే మీలో సగం మందికి ఆవులింత వస్తుందని మాకు తెలియును. డెడ్ స్టాకు రిజిస్టరు, తరుగుదల పట్టిక వగైరాలను గురించి సర్క్యులర్లలో చాలినంత వ్రాసియున్నారు. కావున చరాస్తులన్నింటినీ విడిచిపెట్టి ఒక్క మోటారు సైకిలును గురించి, అందులోను పిడికిట పట్టే ఒక్క భాగమును గురించి మాత్రమే మాట్లాడదలచినాము. పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చదివి ఈ శాఖలోకి వచ్చినవారము. తనిఖీకి వెళ్ళినచోట పుస్తకాలు చూడటం అయిన తరువాత షెడ్డులోకి కూడా ఒకసారి తొంగిచూడటం మాకు అలవాటు.

షెడ్డులో సాధారణంగా కనబడేది ఏమిటి? చెడిపోయిన తూకం యంత్రం, చిల్లులు పడిన క్యాన్లు రెండు, వాటి వెనుక దుమ్ము కొట్టుకుపోయిన మోటారు సైకిలు ఒకటి. "ఏమయ్యా, ఈ బండి సంగతేమిటి?" అని అడిగితే "స్టార్టు కావడం లేదండి, ఇంజను పోయింది" అంటారు. ఇంజను పోవడం అంత తేలిక కాదు. నిలిపి ఉంచినంత మాత్రాన ఇంజను పోదు. పోయేది చాలావరకు దాని గొంతుకే.

ఒక సంఘం సంగతి చెప్తాము. పేరు అవసరం లేదు. ఆ ఊరికి ఏడు కిలోమీటర్ల దూరంలో ఒక తండా ఉన్నది. తండా పాలు ఉదయం, సాయంత్రం సంఘం బండి మీద రెండు క్యాన్లలో వచ్చేవి. పాలకవర్గంలో తగాదా వచ్చి, తాళం చెవి ఎవరి వద్ద ఉండాలన్న మాట తేలక, బండి పదునాలుగు నెలలు షెడ్డులో నిలిచిపోయినది. తండా ఆడవారు కొన్నాళ్ళు తలమీద పెట్టుకుని రోడ్డు దాకా తెచ్చినారు. ఎండాకాలంలో గేదె పాలు అట్లా తెస్తే ఏమవుతుందో మీకు మేము చెప్పనక్కరలేదు. రెండుసార్లు పాలు విరిగి వాపసు వచ్చినవి. మూడవసారికి ప్రైవేటు వర్తకుడు గుమ్మంలోకి వచ్చి కొలుచుకుపోవడం మొదలుపెట్టినాడు. తగాదా తీరిన తరువాత బండి బయటికి తీస్తే ఎంత తన్నినా పలకలేదు. మెకానిక్కు చూసి ఇంజను విప్పవలెను, కార్బ్యురేటరు కొత్తది వేయవలెను అని పెద్ద అంచనా వ్రాసి ఇచ్చినాడు. అంత ఖర్చు ఎందుకని, బండిని పాత ఇనుము ధరకు వేలం వేయుటకు తీర్మానం సిద్ధం చేసినారు. మేము వెళ్ళినది ఆ తీర్మానం పరిశీలనకే. ఆ బండిలో ఏమి దొరికినదో తరువాత మనవి చేస్తాము. ముందు అసలు ఏమి జరుగుతుందో తెలుసుకోవలెను.

పెట్రోలు నీళ్ళవంటి ఒకే పదార్థం కాదు. తేలికగా ఎగిరిపోయేవి, నిదానంగా ఎగిరేవి అనేక ద్రవాల కలయిక. చల్లని ఉదయం ఒక్క తన్నుకు ఇంజను అందుకునేది ఆ తేలిక భాగం వల్లనే. నిలవ ఉంటే ముందు పోయేది అదే. మిగిలిన భాగం గాలిలోని ఆమ్లజనితో కలిసి క్రమంగా చిక్కబడి, జిగురై, చివరకు లక్క పూసినట్లు గట్టిపడుతుంది. పాలు ఎండి క్యాను అంచున గార కట్టినట్లే ఇదీ. మేము దీనిని పెట్రోలు గార అంటాము. పుస్తకాలలో వేరే పేర్లు ఉండవచ్చును.

ట్యాంకులో ఉన్న పెట్రోలుకు మూత ఉన్నది, పరిమాణం ఎక్కువ. కనుక అది కొంతకాలం ఓర్చుకుంటుంది. కార్బ్యురేటరు అడుగున ఉండే చిన్న గిన్నెలో ఉన్నది మాత్రం కొద్ది చెంచాలు. పైగా ఆ గిన్నెకు గాలి రంధ్రం ఉంటుంది. మన ఎండలకు రెండు మూడు నెలలలో అది ఇగిరిపోయి గార మిగులుతుంది. గిన్నెలో మునిగియుండే చిన్న ఇత్తడి మరలను జెట్లు అంటారు. బండి నిలకడగా ఆడుతున్నప్పుడు పెట్రోలు ఇచ్చేది స్లో జెట్టు. దాని రంధ్రం అర మిల్లీమీటరు కన్న తక్కువ. వేగం అందుకున్నప్పుడు ఇచ్చేది మెయిన్ జెట్టు. దానిది కొంచెం పెద్దది, అయినా ఒక మిల్లీమీటరు లోపే. స్లో జెట్టు రంధ్రం మూసుకొనుటకు ఒక పొర గార చాలును.

ఇప్పటి పెట్రోలుతో ఇంకొక చిక్కు వచ్చినది. 2022 నాటికి దేశంలో పెట్రోలులో పది శాతం ఇథనాలు కలిపినారు. 2023 నుంచి ఇరవై శాతం కలిపినది బంకులకు రావడం మొదలై, 2025 నాటికి దాదాపు అంతటా అదే అయినది. చెరకు, ధాన్యం నుంచి తీసే ఈ ఇథనాలు రైతుకు మేలే, దానిని తప్పుపట్టడం లేదు. కాని దానికి గాలిలోని చెమ్మను పీల్చుకునే గుణం ఉన్నది. చెమ్మ ఒక మోతాదు మించితే ఇథనాలు, నీరు కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు దిగుతాయి. ఇంజనుకు పోయే గొట్టం ఉన్నది కూడా అడుగునే గదా! ఆ నీటితో ట్యాంకు లోపల తుప్పు పడుతుంది. 2023 ఏప్రిల్ నుంచి తయారైన బండ్లలో ఈ పెట్రోలుకు తగిన రబ్బరు భాగాలు వేస్తున్నారు. పాత బండ్లలో రబ్బరు గొట్టాలు, వాషర్లు మెత్తబడటమో, ఉబ్బటమో, పగలటమో జరుగుతుంది. కనుక పాత బండి విప్పినప్పుడు రబ్బరు భాగాలు కొత్తవి వేయుటకు వెనుకాడవద్దు.

2020 ఏప్రిల్ తరువాత వచ్చిన బండ్లలో చాలావాటికి కార్బ్యురేటరే లేదు, ఇంజెక్షను పద్ధతి వచ్చినది. వాటిని మీరు విప్పవద్దు. మేము చెప్పేది సంఘాలలో ఇంకా తిరుగుతున్న పాత బండ్లను గురించి. 1985లో వచ్చిన సి.డి.100 మొదలుకొని, 1994 నుంచి నడుస్తున్న స్ప్లెండరు రకం, క్యాన్లు మోసి మోసి అలసిపోయిన టూ స్ట్రోకు ఎం-80, టి.వి.ఎస్. ఎక్సెల్ బండ్లు. టూ స్ట్రోకు బండ్లలో పెట్రోలుతో కలిపి పోసిన ఆయిలు గిన్నెలోనే మిగిలిపోయి మరింత జిగట అవుతుంది. విప్పే పద్ధతి ఒకటే, కడగటానికి మాత్రం ఓపిక ఎక్కువ కావలెను.

బండి ఏమి చేస్తున్నదో చూస్తే జబ్బు ఎక్కడో చాలావరకు తెలుస్తుంది. ఈనని గేదెను చూసినట్లు చూడవలెను, కంగారుపడి తన్నకూడదు. చోకు లాగితే ఆడి, చోకు తీయగానే ఆగిపోతున్నదా? యాక్సిలరేటరు పట్టుకుని ఉంటే ఆడుతూ, వదలగానే చస్తున్నదా? స్లో జెట్టు మూసుకున్నదని అనుమానించండి. నిలకడగా ఆడుతూ, క్యాన్లు కట్టి మిట్ట ఎక్కేటప్పుడు గొంతు పట్టేస్తే మెయిన్ జెట్టు. కార్బ్యురేటరు కింది గొట్టం నుంచి పెట్రోలు బొట్లు బొట్లుగా కారితే లోపలి ఫ్లోటు సూది సరిగా కూర్చోవడం లేదు, లేదా ఫ్లోటుకు చిల్లు పడి అందులో పెట్రోలు నిండినది. రెండు మూడు కిలోమీటర్లు బాగా పోయి ఆగి, పది నిమిషాలు ఆగితే మళ్ళీ పోతున్నదంటే ముందు ట్యాంకు మూత చూడండి. మూతలో గాలి పోయే సన్నని రంధ్రం ఉంటుంది. అది దుమ్ముతో మూసుకుంటే ట్యాంకులో గాలి చొరక పెట్రోలు కిందికి దిగదు. మూత వదులు చేసి నడిపి చూస్తే సంగతి తేలిపోతుంది. ఈ ఒక్కదానికి కార్బ్యురేటరు మార్పించి బిల్లు పెట్టిన సంఘాలు మాకు తెలియును.

ఇక పని మొదలుపెట్టేటప్పుడు పాత పెట్రోలు మీద కొత్త పెట్రోలు పోయవద్దు. పుల్లని పాలలో తాజా పాలు కలిపితే ఏమవుతుంది? ఒక గాజు సీసాలోకి కొంచెం పట్టి వెలుతురులో చూడండి. రంగు ముదిరి, ఘాటైన వాసన వస్తే అది పనికిరాదు. అడుగున మబ్బుగా వేరే పొర కనబడితే నీరు దిగినదని అర్థం. ట్యాంకు మొత్తం ఇనుప డబ్బాలోకి దింపవలెను. నోటితో గొట్టం పీల్చవద్దు. ఇక్కడ గట్టిగా ఒక మాట చెప్పవలసియున్నది. పెట్రోలు దింపుటకు పాల క్యాను వాడవద్దు, శాంపిలు సీసాలు వాడవద్దు, కొలపాత్రలు అసలే వాడవద్దు. "మళ్ళీ కడుగుతాము గదా" అంటారు. ఆ వాసన మూత రబ్బరును పట్టుకుని ఉంటుంది. ఆ క్యాను పాలు కూలింగు కేంద్రంలో అందరి పాలతో కలిసినవంటే నష్టం మీ ఒక్క సంఘంతో పోదు.

ఆరుబయట, నీడలో పని చేయవలెను. బీడీ, లాంతరు, కట్టెల పొయ్యి దరిదాపులలో ఉండకూడదు. ప్లగ్గు తీసి నిప్పురవ్వ చూడటం పెట్రోలు దింపకముందే ముగించండి, పెట్రోలు చిందినచోట ఆ పరీక్ష చేయకండి. గాలి వడపోత డబ్బా కూడా తెరిచి చూడండి. ఎలుకలు అందులో గోనె పీచుతో గూడు పెట్టడం, సన్నని గొట్టాలలో కందిరీగ మట్టితో గూడు కట్టడం మేము చాలాచోట్ల చూసినాము.

కార్బ్యురేటరు విప్పేముందు పక్కనున్న చిన్న గాలి స్క్రూను నెమ్మదిగా లోపలికి తిప్పుతూ, మెల్లగా ఆనేవరకు ఎన్ని చుట్లు తిరిగినదో లెక్కపెట్టి కాగితం మీద వ్రాసుకోండి. మళ్ళీ బిగించేటప్పుడు అన్ని చుట్లే వెనుకకు తీయవలెను. ఆ లెక్క లేకపోతే బండి స్టార్టయినా పెట్రోలు తాగుతుంది. గిన్నె విప్పగానే ఫ్లోటు, దాని కింద చిన్న సూది ఉంటాయి. ఆ సూది గడ్డిలో పడితే దొరకదు, కింద తెల్ల గుడ్డ పరచుకోండి. ఫ్లోటుకున్న ఇత్తడి నాలుకను వంచవద్దు. జెట్లు విప్పే స్క్రూడ్రైవరు గాడికి సరిగా సరిపోవలెను. ఇత్తడి మెత్తని లోహం, సన్నని స్క్రూడ్రైవరుతో బలంగా తిప్పితే గాడి అరిగిపోయి జెట్టు లోపలే ఇరుక్కుంటుంది.

జెట్టును ఆకాశం వైపు పెట్టి చూడండి. గుండ్రని వెలుగు చుక్క కనబడితే బాగున్నది. కనబడకపోయినా, అంచు వంకరగా ఉన్నా గార ఉన్నది. బజారులో దొరికే కార్బ్యురేటరు క్లీనరు స్ప్రే కొట్టి కొంతసేపు ఉంచి గాలి పట్టండి. పంక్చరు షాపు గాలి చాలును. స్ప్రే లేకపోతే శుభ్రమైన పెట్రోలులో రాత్రంతా నానబెట్టండి. మొండి గార అయితే మెత్తని రాగి తీగ ఒక్క పోగును మెల్లగా పోనివ్వవచ్చును. ఇనుప తీగ వద్దు, పిన్నీసు వద్దు, చీపురుపుల్ల లోపల విరుగుతుంది కనుక అదీ వద్దు. ముఖ్యంగా మన సంఘాలలో పశువుల ఇంజెక్షను సూదులు చేతికందుబాటులో ఉంటాయి. వాటితో పొడవటం ఒక అలవాటైనది. ఉక్కు సూది ఇత్తడిని కోస్తుంది. రంధ్రం వెంట్రుకవాసి పెద్దదైనా మైలేజి పడిపోతుంది, దానిని మళ్ళీ చిన్నది చేయలేము.

ఒక సంఘంలో ఇంకొక తెలివి చూసినాము. వెన్న శాతం పరీక్షకు తెచ్చిన గంధకామ్లంలో జెట్లు ముంచినారు. గార పోయిన మాట నిజమే కావచ్చును, దానితోపాటు లోహం కూడా పోయినది. కార్బ్యురేటరు ఒళ్ళు అల్యూమినియం, జింకు కలిసిన పోత. ఆమ్లం దానిని తినివేస్తుంది. క్యాన్లు కడిగే సోడా నీళ్ళు కూడా అల్యూమినియానికి పడవు. పరీక్ష సామాను పరీక్షకే. ఆమ్లం చేతి మీద పడితే ఏమవుతుందో టెస్టరు సోదరులు మీకు చెప్పగలరు.

జెట్లు శుభ్రపడగానే పని అయినదనుకోవద్దు. కార్బ్యురేటరు ఒంటిలో కంటికి కనబడని సన్నని దారులు ఉన్నవి. ప్రతి రంధ్రంలో స్ప్రే గొట్టం పెట్టి కొట్టి, రెండవ వైపు నుంచి ధార వస్తున్నదో లేదో చూడవలెను. గాలి పట్టేముందు ఫ్లోటు, రబ్బరు వాషర్లు తీసివేయండి, కళ్ళకు గుడ్డ అడ్డం పెట్టుకోండి. సూది కొనను వ్రేలితో తడిమి చూడండి. చుట్టూ గీత పడియుంటే మార్చవలసినదే. ట్యాంకు కింద పెట్రోలు కాకు జాలీ తీసి తుప్పు పొడి కడగండి. ట్యాంకులో కొద్దిగా శుభ్రమైన పెట్రోలు పోసి గిలకరించి, తుప్పు రాకుండా పోయేవరకు పారబోయండి. ట్యాంకు శుభ్రం చేయకుండా కార్బ్యురేటరు ఒక్కటే కడిగితే వారం తిరగకుండా మళ్ళీ విప్పవలసి వస్తుంది. మెకానిక్కుకు అది లాభమే.

బిగించిన తరువాత కాకు తెరిచి అయిదు నిమిషాలు చూడండి. కింది గొట్టం కారకూడదు. ఏడాదికి మించి నిలిచిన బండి అయితే ప్లగ్గు రంధ్రంలో కొన్ని చుక్కల ఇంజను ఆయిలు వేసి, తాళం తిప్పకుండానే పది పదిహేనుసార్లు మెల్లగా కిక్కు కొట్టి, ఆ తరువాతనే ప్లగ్గు బిగించి స్టార్టు చేయవలెను.

ఆ తండా బండి మాట చెప్తానన్నాము. విప్పి చూస్తే ఇంజనుకు ఏ లోపమూ లేదు. స్లో జెట్టు పూర్తిగా పూడిపోయినది. మెయిన్ జెట్టును ఎవరో అదివరకే సూదితో పొడిచి పెద్దది చేసినారు. ట్యాంకు అడుగున తుప్పు నీళ్ళు. స్ప్రే డబ్బా, రెండు జెట్లు, వాషర్లు, కొత్త గొట్టం, ప్లగ్గు కలిపి అంచనాలో వ్రాసిన మొత్తంలో చిన్న భాగం కూడా కాలేదు. సాయంత్రానికి బండి పలికినది. వేలం తీర్మానం కొట్టివేసినారు. తండాకు బండి మళ్ళీ పోతున్నది, చాలామంది పాలు తిరిగి వచ్చినవి. అందరివీ రాలేదు. వర్తకుడి దగ్గర అడ్వాన్సు తీసుకున్న కుటుంబాలు ఇంకా అతనికే పోస్తున్నవి. ఆ అప్పు తీరేదాకా వారి గేదె పాలు వారివి కావు.

లెక్కల విషయం కూడా క్లుప్తంగా. రిపేరు బిల్లు మీద "కార్బ్యురేటరు" అని ఒక్క మాట ఉంటే మేము ఒప్పుకోము. ఏ భాగం మార్చినారో విడివిడిగా ఉండవలెను, తీసిన పాత భాగం సంచిలో కట్టి వోచరు నంబరు వ్రాసి ఉంచవలెను. చవక నకిలీ కార్బ్యురేటరు వేయించుకొని అసలుది మెకానిక్కుకు వదలివేయడం చాలాచోట్ల జరుగుతున్నది. అసలుది శుభ్రం చేస్తే పనికివచ్చేదే.

బండిని కొన్నాళ్ళు నిలపవలసి వస్తుందని ముందే తెలిస్తే కాకు మూసి, ఇంజను దానంతట అది ఆగేవరకు ఆడనివ్వండి. గిన్నె అడుగున ఉన్న స్క్రూ వదులు చేసి మిగిలిన నాలుగు చుక్కలు కూడా దింపండి. రెండు నెలల లోపైతే ట్యాంకు నిండుగా ఉంచడం మేలు, చెమ్మకు చోటుండదు. అంతకు మించితే ట్యాంకు ఖాళీ చేసి ఆరబెట్టి, లోపల కొద్దిగా ఆయిలు తిప్పి ఉంచండి. కొందరు వారానికి ఒకసారి రెండు నిమిషాలు స్టార్టు చేసి ఆపుతారు. దానివల్ల లాభం లేదు, ఇంజను వేడెక్కక లోపల చెమ్మ చేరుతుంది. స్టార్టు చేస్తే తండా దాకా నడిపి రండి. నిలిపిన తేదీ, పెట్రోలు దింపిన తేదీ లాగ్ బుక్కులో వ్రాసి కార్యదర్శి సంతకం చేయవలెను.

దింపిన పాత పెట్రోలు ఏమి చేయవలెనని ఉదయం ఒకరు అడిగినారు. గొలుసు, నట్లు, బోల్టులు కడుగుటకు వాడుకోండి. కాలువలో గాని, తొట్టి పక్కన గాని పోయవద్దు, పశువులు మూతి పెడతాయి.

భోజనాల తరువాత ఈ షెడ్డు వెనుక వేపచెట్టు కింద ఒక పాత బండి పెట్టించినాము. ఏడాదిగా కదలనిది. స్క్రూడ్రైవరు తెచ్చుకున్నవారు ముందు వరుసలోకి రండి, మీ చేతులతోనే విప్పిస్తాము. బీడీలు, అగ్గిపెట్టెలు మాత్రం ఈ బల్ల మీద పెట్టి రండి.